కన్నం లేని ఆకు

మా పెదనాన్నకు ఉన్న జబ్బు ఒక్కటే. ఆయన పెంచిన చెట్టుకు ఆకులు నిండుగా కనిపిస్తే ముఖం మాడిపోతుంది. ఆకుకు కన్నాలు పడాలి. పురుగు సగం తిని వదిలేస్తే చాలదు, ఈనె దాకా తినాలి.

ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఉదయం దుకాణం తెరిచే ముందు, కంటికి బిగించిన భూతద్దంతోనే పక్క సందులోకి వెళ్లి జిల్లేడు ఆకులు ఒక్కొక్కటే తిప్పి చూస్తాడు. అడుగున సీతాకోకచిలుక గుడ్డు కనిపిస్తే ఇంట్లోకి కేక. "ఏమేవ్, ఇంకోటి పెట్టింది!"

"అందరిళ్లలో మగాళ్లు కూరగాయలు తెస్తారు," అంటుంది పెద్దమ్మ. "ఈయన పురుగుల వార్తలు తెస్తాడు."

జిల్లేడే ఎందుకంటే, రెండేళ్లుగా సరైన వాన లేదు. కుళాయి రోజు విడిచి రోజు. వీధిలో కుండీలన్నీ ఎండిపోయాయి. పెదనాన్న మాత్రం దూదిలా ఎగిరే గింజలు ఎక్కడి నుంచో పట్టుకొచ్చి పక్కింటి గోడ వెంబడి నాటాడు. మొక్కలు నిలదొక్కుకున్నాక చుక్క నీరు పోయలేదు. నేను జాలిపడి ఓ చెంబుడు పోయబోతే చెయ్యి పట్టుకున్నాడు.

"దాని పరువు తీయకురా. అది అడిగిందా?"

ఆ గోడ దర్జీ అత్తయ్యది. ఆమె నోరు ఆమె కత్తెరకన్నా పదును. ఆమెకున్నది ఒక్క గుమ్మడి పాదు. పోయిన మామయ్య దాచిన విత్తనం అది. ఏటా పండులోంచి గింజలు తీసి దారపు కండెల డబ్బాలో దాచుకునేది. రెండేళ్లుగా పిందె పడటం, పసుపెక్కి రాలిపోవటం. డబ్బాలో చివరికి మూడు గింజలు మిగిలితే, ఆ మూడూ ఈ ఏడు పెట్టేసింది. బట్టలుతికిన నీళ్లు మోసి పోస్తోంది.

"అన్నయ్యగారూ, పాడుబడ్డ కొంపకి మొలిచే జిల్లేళ్లని మనుషులున్న కొంపకి మొలిపించారు! ఆ పురుగులు గోడ దాటితే నా పాదు గతేంటి?"

"వాటికి జిల్లేడాకు తప్ప రుచించదమ్మా."

"మీతో చెప్పాయా?"

అత్తయ్య ఫిర్యాదు పెట్టింది. పురపాలక ఉద్యోగి వచ్చి సోమవారం కొట్టించేస్తామన్నాడు. దుకాణంలో ఎవరు అరిచినా తలెత్తని పెదనాన్న, అతని వెంట వీధి చివర దాకా నడిచాడు.

"ఒక్క వారం ఆగు బాబూ. ఇప్పుడిప్పుడే పూస్తున్నాయి."

పై సోమవారం దాకా గడువు దొరికింది. ఆ వారమంతా పెదనాన్న ఆకుల జోలికే పోలేదు. స్టూలెక్కి, భూతద్దం పెట్టుకుని గోడ అవతలికి చూస్తూ నిలబడ్డాడు.

"పెదనాన్నా, నీ ఆకులు ఇటున్నాయి."

"నోర్మూసుకో."

సోమవారం పొద్దున్నే కత్తి పట్టుకుని మనిషి వచ్చేసరికి అత్తయ్య జిల్లేళ్లకు అడ్డంగా నిలబడి ఉంది.

"ఫిర్యాదు మీరే కదమ్మా ఇచ్చింది?"

"ఇచ్చిందీ నేనే, వద్దంటున్నదీ నేనే. పద!"

గోడకవతల పాదు మీద పిడికిలంత పిందె, పచ్చగా, లావుపాటి తొడిమతో ఉంది. రాలలేదు. నల్లటి గండుతుమ్మెదలు జిల్లేడు పూల మీంచి లేచి, గోడ దాటి గుమ్మడి పూలలో దూరుతున్నాయి. అత్తయ్య వాటినే చూస్తోంది. పెదనాన్న మెల్లగా దుకాణంలోకి జారుకున్నాడు.

వెనకే వెళ్లి నిలదీశాను. ఆయన తలెత్తలేదు. "రెండేళ్ల కిందట ఆమె గోడగడియారం బాగుచేయడానికి వెళ్లాను. డబ్బా మూత తీసి అడుగున మిగిలిన గింజలు చూసుకుంటోంది. పాదు నిండా పూలే. వాలే ప్రాణి ఒక్కటి లేదు. వీధిలో పువ్వే లేకపోతే తుమ్మెదలెందుకొస్తాయి?"

"ఆ మాట ఆమెతోనే చెప్పొచ్చుగా?"

"చెబితే ఊరుకుంటుందా? జిల్లేళ్లకి కూడా రోజూ నీళ్లు మోసి పోసి చంపేసేది."

"అయితే పురుగుల పిచ్చి ఉత్తదేనా?"

పెదనాన్న నొచ్చుకున్నాడు. "ఛ, అవి నిజంగా నావేరా."

ఈ ఏడు రెండు గుమ్మడికాయలు కాశాయి. డబ్బా మూత పట్టడం లేదు. ఇప్పుడు మా ఇంట్లో తెల్లవారేది గోడ మీంచి వచ్చే కేకతోనే.

"అన్నయ్యగారూ! ఇటు కొమ్మకి ఒక్క కన్నమైనా లేదు. మీ పిల్లలేమైనా అలిగారా?"

పెదనాన్న చొక్కా గుండీలు కూడా పెట్టుకోకుండా, భూతద్దం మాత్రం పెట్టుకుని పరిగెడతాడు.