ధింసా వరసలో చుక్క

టైడాలో రైలు దిగే టూరిస్టులు ముందు అడిగేది కనక గుర్రం గురించే. నుదుట తెల్లమచ్చ ఉంది కాబట్టి దాని పేరు చుక్క. ధింసా ఆటకు డప్పు మోగితే ఆడవాళ్ళ వరసలో కలిసి అడుగులు వేస్తుంది. ఆ వీడియో చూడనివాడు మా ఏజెన్సీలో లేడు. స్టేషన్ దగ్గర టీకొట్టు నడిపే నేనూ దాని పేరు చెప్పుకుని బతుకుతున్నాను, దాపరికమెందుకు.

కాఫీ బస్తాలు మోయడానికి తెచ్చిన ఆ గుర్రప్పిల్లను కనక కర్ర ముట్టకుండా పెంచింది. అంబలి తను తాగేముందు దానికి పెట్టేది. అడుగు కుదిరితే మెడ నిమిరేది, తప్పితే తనే మళ్ళీ మొదటినుంచి ఆడి చూపించేది. "కొడితే ఏటి నేర్సుకుంటాది? బయమే నేర్సుకుంటాది" అనేది.

మొన్న మాఘంలో ఆమె తమ్ముడు రవిబాబు బుద్ధి గడ్డి తిని, కొండ దిగి మైదానంలో ఎవరిదో పెళ్ళి ఊరేగింపుకు చుక్కను తోలుకెళ్ళాడు. బాణసంచాకు గుర్రం బెదిరితే అక్కడెవడో చర్నాకోలతో బాదాడు. తిరిగొచ్చాక డప్పు వినబడితే చాలు, వణికిపోయి అడవిలోకి పరుగు తీసేది. కనక చెయ్యి చాపినా దగ్గరకు రాలేదు. తమ్ముణ్ణి ఆమె ఒక్క మాట అనలేదు. నాకైతే వాణ్ణి నాలుగు తన్నాలనిపించింది.

చైత్రంలో, విత్తనాలకు మొక్కే ఇటుకల పండగ వచ్చింది. డప్పు లేకుండా పండగ జరగదు. ఈసారి పారిపోతే చుక్క ఇక తిరిగిరాదని కనకకు బెంగ. కట్టేయమని అందరం చెప్పాం.

"కట్టీస్తే ఉంటాది గానీ, నా దగ్గరకి రాదు కదా" అంది.

కనక వాళ్ళ ఊరి ధింసాలో ఒక పద్ధతుంది. కష్టమొచ్చి ఆటకు దూరమైన మనిషి కోసం వరస చివర చోటు వదిలి ఆడతారు. రమ్మని ఎవరూ పిలవరు. మనసైనప్పుడు తనే వచ్చి కలుస్తుంది. ఆ రోజు కనక వరస చివరకు వెళ్ళి, తన పక్కన ఆ చోటు వదిలింది. డప్పు వాయించే మంగ్లు పుల్లలు పక్కనపెట్టి వేళ్ళతోనే మెల్లగా మోగించాడు.

కొట్టు మూసి నేనూ వెళ్ళాను. పనసచెట్ల కింద చుక్క చెవులు రిక్కించి నిలబడింది. ఆట చుట్టు తర్వాత చుట్టు తిరుగుతోంది. కనక అటు చూడనేలేదు. చివరికి అది అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, ఆ ఖాళీలో నిలబడి, కనక భుజానికి మూతి ఆనించింది. అమ్మయ్య అని పైకే అనేశాను. పక్కన రవిబాబు కళ్ళు తుడుచుకుంటున్నాడు.

చుక్క అడుగు తప్పింది. కనక ఆగి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంది. వరసంతా ఆమెతోపాటు మొదటినుంచి ఆడింది.