ఈత బట్టకు గంజి

మొన్న సోమవారం కాశేలి గోదాములో నా బల్ల మీదికి ఒక చిన్న అట్టపెట్టె వచ్చింది. మగ్గాల పని మానేశాక నేను చేస్తున్న కొలువు ఇదే. జనం ఆన్‌లైన్లో కొనుక్కుని, నచ్చలేదని తిప్పి పంపిన బట్టలను విప్పి చూసి, వాడారో లేదో తేల్చాలి. తేల్చడమంటే పెద్ద విద్యేమీ కాదు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూడడమే. ముప్పై ఏళ్లు సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, బాగు చేసినవాణ్ణి, ఇప్పుడు ముక్కూ మొహం తెలియనివాళ్ల చొక్కాల చంకలు వాసన చూసి బతుకుతున్నాను. మీరు నవ్వినా తప్పులేదు, నేనూ నవ్వుకుంటూనే ఉంటాను. ఆ పెట్టెలో ఉన్నది ఆడపిల్లల ఈత డ్రెస్సు, నీలం రంగుది. వేసవి సెలవులు అయిపోగానే ఇవి వరసపెట్టి వాపసు వస్తాయి. సంచి విప్పగానే గుప్పుమంది. తడిబట్టను ఉండచుట్టి మూలన పడేస్తే నాలుగు రోజులకు పుట్టే ముక్క వాసన. 'వాడినది' అని రాసి పక్కన పెట్టేశాను గానీ, ఆ పూటంతా నాకు పని సాగలేదు.

ఎనిమిదేళ్ల కిందటి మాట. మా చిన్నబిడ్డకు అప్పుడు పదకొండేళ్లు. బడిలో ఎవరో చెబితే, ఠాణే దిక్కున ఉన్న ఒక ఈత కొలనులో ఎండాకాలం క్లాసులకు చేరింది. మా వంశంలో ఈత వచ్చినవాళ్లు ఎవరూ లేరు. మా నేతగాళ్ల వాడ పద్మనగర్‌లో నీళ్లంటే నల్లా వచ్చినప్పుడు ఉరుకులాడి డ్రమ్ముల్లో పట్టుకునేవి. వాటిలో మునిగి ఆడుకోవచ్చని మాకెవరికీ తోచదు. అలాంటి ఇంట్లో పుట్టిన పిల్ల వారం తిరక్కుండానే నీళ్ల మీద తేలింది. ఒకరోజు సెలవు పెట్టి చూడడానికి వెళ్లాను. సాంచాలో పోగు మోసే నాడె ఉరికినట్టు ఈ దరి నుంచి ఆ దరికి పోతోంది, మళ్లీ వస్తోంది. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. నెలాఖరున పరీక్ష పెడతారట, అందులో నెగ్గిన పదిమందిని ఏడాదంతా జట్టులో ఉంచుకుని నేర్పుతారట. ఆ పదిమందిలో తన పేరుండాలని పిల్ల పంతం. అన్నం ముందు కూర్చుని కూడా చేతులు బారలు చాపి ఈదేది. పక్కన కూర్చున్న నాకు రోజుకో మోచేతి పోటు తప్పేది కాదు.

ఈత వచ్చింది గానీ, ఆ బట్టతోనే వచ్చిపడింది తంటా. ఒక డ్రెస్సు, ఒక తువ్వాలు, తలకు పెట్టుకునే రబ్బరు టోపీ. క్లాసు అయిపోయాక అన్నీ తడితడిగా సంచిలో కుక్కుకుని రెండు షేర్ ఆటోలు మారి ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. అంతసేపు ఆ ఉక్కలో అవి ఉడికేవి. పోనీ ఇంటికి వచ్చాక ఆరేద్దామంటే మాది సాంచాల షెడ్డు వెనక వరసగదుల చాలులో ఒకటే గది. ఎండ పొద్దున్నే ఓ అరగంట చుట్టపుచూపుగా వచ్చి పోతుంది. అప్పటికి పిల్ల నీళ్లలో ఉంటుంది. బయట తాడు మీద వేస్తే షెడ్డులోంచి వచ్చే నూలు పొట్టు మొత్తం దాని మీదే వాలేది. రోజుకు ఎన్ని తానుల బట్ట దిగుతుందో లెక్కలేని వాడలో జానెడు గుడ్డ ఆరేసుకోవడానికి చోటు లేదంటే ఎవరైనా నమ్ముతారా! తెల్లారి ఆ పచ్చి బట్టనే వేసుకుని పోయేది. రెండో వారానికల్లా వాసన పట్టుకుంది.

"బాపూ, లడ్కియా నా బాజూల నిలవడ్తలేరు. నేను లైన్ల నిలబడితే ముక్కు మూస్కుంటున్నరు," అంది ఒకరోజు. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

ఇక మొదలయ్యాయి మా వైద్యాలు. మా ఇంటామె నిమ్మకాయ పిండింది, సోడా వేసి నానబెట్టింది, సంచిలో వేపాకు పెట్టింది. వేపాకు లాభం లేదని డాంబరు గోలీలు వేస్తే, పిల్ల దగ్గరికి పోతే పాత పెట్టె మూత తీసినట్టుండేది. నేను మాత్రం తక్కువ తిన్నానా? బట్టతో పుట్టి బట్టతో పెరిగినవాణ్ణి, నాకు తెలియదా అని, ఆ డ్రెస్సును షెడ్డులోకి పట్టుకెళ్లి మోటారు వెచ్చటి గాలికి వేలాడదీశాను. సాయంత్రం చూద్దును కదా, ఎండిందైతే ఎండింది, ఒళ్లంతా బొచ్చు మొలిచింది, పైగా ఇంజనాయిలు కంపు. మా ఇంటామె దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఎత్తి చూపించింది.

"ఇంటున్నవా, పిల్ల బట్ట ఆరవెట్టుకరమ్మంటే మేకతోలు తెచ్చినవేంది? గిన్నేండ్ల సంది గా సాంచాలల్ల ఏం నేర్సుకున్నవ్?"

దాని మీది బొచ్చు ఒక్కొక్కటే గిల్లుతూ కూర్చున్నాను.

చివరికి కాస్త పనిచేసిన ఉపాయం పిల్లే కనిపెట్టింది. కొలను దగ్గరే మంచినీళ్లలో జాడించి, పిండకుండా గాలికి పరవండని వాళ్లకు ఈత నేర్పే మేడం చెప్పిందట. గాలి మన వాడలో లేదు గానీ, రోడ్డు మీద కావలసినంత ఉంది కదా! షేర్ ఆటోలో ముందు అంచున కూర్చుని, డ్రెస్సును రెండు చేతులా బయటికి పట్టుకుని జెండాలా ఎగరేస్తూ వచ్చేది. మూడు రోజులు బాగానే నడిచింది. నాలుగో రోజు అది వెనక సీటు పెద్దమనిషి మొహానికి ఫట్‌మని తగిలింది. ఆయన అరిచిన అరుపుకు డ్రైవరు బండి ఆపి, ఇంకోసారి జెండా తీస్తే దింపేస్తానన్నాడు. మళ్లీ సంచి, మళ్లీ అదే వాసన. పరీక్షకు నాలుగు రోజులుంది.

మా అమ్మ ఇదంతా మంచం మీది నుంచి చూస్తూనే ఉంది. సిరిసిల్ల దిక్కున చేతిమగ్గాల కాలంలో పెరిగిన మనిషి. వీధి పొడుగునా పడుగు చాపి, గంజి పట్టించి, కుంచెతో పోగు పోగూ దువ్విన చేతులు ఆమెవి. గంజి మీద ఆమెకున్న నమ్మకం దేవుడి మీద కూడా లేదేమో. నా పెళ్లి ధోవతికి ఆమె పెట్టిన గంజికి నేను పీటల మీద కూర్చోలేక అవస్థ పడ్డాను. జారిపోయే నైలాను బట్ట ఆమె కంటికి ఆనేదే కాదు. "ఏం బట్టరా ఇది, పానం లేనట్టు సాగవడ్తది. గంజి తగలని బట్టకు గట్లనే పురుగు వాసన వస్తది," అనేది. మేం వింటూ ఊరుకునేవాళ్లం. ఊరుకోకుండా ఉండాల్సింది.

పరీక్ష ముందు రోజు నేను పనిలో ఉన్నాను, మా ఇంటామె బజారుకు పోయింది, పిల్ల స్నేహితురాలి ఇంట్లో ఉంది. మా అమ్మ ఒక్కతే లేచి, అన్నం వార్చిన గంజి చిక్కగా మరగబెట్టి, ఆ డ్రెస్సుకు రెండు దఫాలు పట్టించింది. సాంబ్రాణి పొగ వేసింది. సగం ఆరగానే చక్కగా మడిచి, మడత నిలవాలని తన పరుపు కింద పెట్టుకుని దాని మీదే పడుకుంది. తెల్లారి తన చేత్తోనే పిల్ల సంచిలో సర్దింది. సంచి వాసన చూశాను. సాంబ్రాణి ఘుమఘుమ. ఈరోజుకైనా గండం గడిచిందని సంబరపడ్డాను కూడా.

పరీక్ష కదా అని నేనూ వెంట వెళ్లాను, కొలను దగ్గర పిల్ల బట్టలు మార్చుకుని వచ్చింది. నడక తేడాగా ఉంది, అట్టముక్క తొడుక్కున్నట్టు. నా వైపు చూసింది. ఆ చూపు నాకు అర్థం కాలేదు. నీళ్లలో దిగే ముందు అందరూ జల్లు కింద తడవాలని అక్కడ నియమం. తన వంతు వచ్చి జల్లు కింద నిలబడగానే తెల్లటి జిగురు కాళ్ల మీదుగా ధారలుగా కారింది. రాత్రంతా పరుపు కింద ఉక్కలో పులిసిన గంజి అది. నాకు ఎప్పుడు తెలిసిందో చెప్పనా? చూసినప్పుడు కాదు, తల్లిదండ్రులం నిలబడ్డ కంచె ఇవతలికి వాసన వచ్చినప్పుడు. పుట్టినప్పటి నుంచి ఎరిగిన వాసన కదా.

మేడం దగ్గరికి వచ్చి వేలితో తాకి చూసింది. "అరే, యే క్యా లగాయా హై?" అంది, ఏం పూసుకొచ్చావని. చెడ్డ మనిషేం కాదు. ఒంటికి ఏది పూసుకున్నా నీళ్లు పాడవుతాయి, దిగనివ్వరు. వేరే డ్రెస్సు ఉంటే మార్చుకుని రమ్మంది. వేరే డ్రెస్సు ఎక్కడిది? కడుక్కుని రమ్మంది. పిల్ల జల్లు కింద నిలబడి రెండు చేతులా రుద్దుకుంటూనే ఉంది, ఆ జిగురు వస్తూనే ఉంది. పక్కన తల్లులు కొందరు ముక్కుకు కొంగు పెట్టుకున్నారు, కొందరు నవ్వారు. తర్వాతి పేరు పిలిచారు. ఆ తర్వాతి పేరు పిలిచారు.

కంచె దాటి వెళ్లి, 'మా అమ్మ గంజి పెట్టింది మేడం, పిల్ల తప్పేం లేదు, చివర్లోనైనా ఒక్కసారి దిగనివ్వండి' అని చెప్పడానికి ఎంతసేపు? ఏళ్ల తరబడి సాంచాల సేఠులతో గొంతు చించుకున్నవాణ్ణి. అయినా అంతమందిలో మా అమ్మ గురించి, మా ఇంటి గంజి గురించి చెప్పుకోవడానికి సిగ్గేసింది. రెండు చేతులతో కంచె పట్టుకుని నిలబడిపోయాను. పిల్ల నా వైపు రెండుసార్లు చూసింది. మూడోసారి చూడలేదు. ఆ సిగ్గును తలచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

రెండు ఆటోలు మారి ఇంటికి వచ్చాం. దారిలో నేనేదో అనబోతే, "వదిలెయ్ బాపూ," అంది. ఇంటికి పోయాక మా అమ్మను కడిగేయాలని నేను మాత్రం లోపల మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. గడపలో చెప్పులు విప్పుతుండగానే మంచం మీది నుంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఏం బిడ్డా, గంజి నిలిచిందా? బట్ట తీరుగుండెనా?"

నేను నోరు తెరిచాను. పిల్ల నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"మస్తుగుండె బాపమ్మా. ముక్క వాసన అస్సలు రాలే. మేడం దగ్గరికొచ్చి పట్టి చూసి, ఏం పెట్టిండ్రు అని అడిగింది."

"అడగదా మరి! మీ బాపుకు ఎన్నిసార్లు చెప్పిన, ఇన్నడా?" అమ్మ లేచి కూర్చుంది. "మరి నీ పేరొచ్చిందా?"

"పదిమందినే తీస్కున్నరు బాపమ్మా. నేను పదకొండోదాన్ని."

"గట్లనా! మల్లేడు ఇంకింత చిక్కగ పెడ్త తీయ్."

మళ్లీ ఏడు పిల్ల వెళ్లలేదు, మేమూ అడగలేదు. అమ్మ మాత్రం పోయేదాకా, కొలను మేడం తన గంజిని మెచ్చుకున్న ముచ్చట చాలులో అందరికీ చెప్పుకుంది. విన్నప్పుడల్లా మా బిడ్డ అవునని తలూపేది. పిల్లలు ఏళ్లు గడిచేకొద్దీ పెద్దవాళ్లవుతారని అంటారు గానీ, మా బిడ్డ గడపలో చెప్పులు విప్పినంత సేపట్లో పెద్దదైపోయింది, పక్కనే నిలబడి నేను చూస్తూ ఉండిపోయాను.