మెట్ల మీద పట్టు గరగర

మా వంశం మీద ఒట్టేసి చెప్తున్నాను. ఒట్టు వేయడానికి నా దగ్గర మిగిలింది అదొక్కటే. కాబట్టి దాన్ని ఊరికే వాడను.

మా ముత్తాతగారు వీరమల్లవరం జమీందారు, రాజా గోపాల జగన్నాథ బహద్దరు. జిల్లా కలెక్టరు ఆయన్ని చూడడానికి వచ్చేవాడు. ఆయన కలెక్టరును చూడడానికి వెళ్ళేవారు కాదు. మా తాతగారు రంగనాథ బహద్దరు మద్రాసులో చదువుకుని, దొరలతో టెన్నిస్ ఆడినవారు. మా నాన్నగారి కాలానికి బహద్దరు అన్న మాట పెళ్ళి శుభలేఖల మీదే మిగిలింది. ఆ ఇంటికి ఆఖరి మనిషిని నేను.

ఈ సంగతి మాత్రం జరిగింది అమెరికాలో. మిషిగన్‌లో నోవై అనే ఊళ్ళో, మా ఇంట్లోనే. ఎనభై రెండో సంవత్సరం చలికాలం. మావారు కార్ల ఫ్యాక్టరీలో ఇంజనీరు. మా అమ్మాయి వసుంధర అక్కడే పుట్టింది. అప్పటికి దానికి పదహారేళ్ళు.

మా ఇంటి నుంచి నాతో వచ్చిన వస్తువు ఒకటే. మా నాయనమ్మ గౌను.

గౌను అంటే చిన్నపిల్లల గౌను కాదు. నేలను తాకే టాఫెటా పట్టు గౌను. మా తాతగారు మద్రాసులో ఒక దొరసాని చేత కుట్టించారు. బట్ట ఫ్రాన్సు నుంచి ఓడలో వచ్చిందని చెప్పేవారు. నిలువు పోగు నీలం, అడ్డ పోగు ఆకుపచ్చ. మన నేతగాళ్ళు నెమలికంఠం అంటారే, ఆ రంగు. ఒకవైపు నుంచి చూస్తే రాత్రి... ఇంకోవైపు నుంచి చూస్తే చెరువు. నడుము దగ్గర ఎన్ని కుచ్చిళ్ళున్నాయో, ప్రతి కుచ్చిలినీ విడిగా చేత్తో పట్టి కుట్టారు. కుట్లు ఆవగింజల్లా ఉంటాయి. ఛాతీ భాగం లోపల, బిగువుగా నిలవడానికి, తిమింగలం ఎముక ముక్కలు పెట్టి, వాటి మీద మెత్తటి పట్టీ వేశారు. మెడ చుట్టూ పట్టు అంచును దారం లేవకుండా ఉలితో కొట్టి పూరేకుల్లా కత్తిరించారు. దాదాపు ఎనభై ఏళ్ళు గడిచినా ఒక్క పోగు లేవలేదు.

అన్నిటికన్నా ముఖ్యం దాని చప్పుడు. టాఫెటాను నేశాక పుల్లటి నీళ్ళలో ముంచి ఆరబెడతారు. అందువల్ల పోగు పోగును రాసుకున్నప్పుడల్లా గరగరలాడుతుంది. ఎండిన తాటాకుల మీద ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు. పెట్టెలోంచి తీస్తే చాలు, పక్క గదిలోకి వినిపించేది.

మా నాయనమ్మ దాన్ని ఒక్కసారే తొడుక్కుంది.

ఆ గౌనును మ్యూజియానికి ఇవ్వడానికి నేను ఒప్పుకున్నాను. వాళ్ళ తరఫున పాత దుస్తులు సేకరించే మిసెస్ హార్పర్ అనే ఆవిడ మా ఇంటికి వచ్చి, తెల్ల గ్లౌజులు తొడుక్కుని, అంగుళం అంగుళం చూసింది. ఇంత మంచి స్థితిలో ఉన్న టాఫెటా చాలా అరుదు అంది. బరువు కోసం తగరం ఉప్పు పట్టించిన పట్టు అయితే ఈపాటికి అద్దంలా పగిలిపోయేదట. ఇది అసలైన పట్టు అంది. నాకు తెలియనిదేమీ చెప్పలేదు కానీ, వింటుంటే బాగుంది. చివరికి అడుగు అంచును తిప్పి చూసి, లోపల పసుపుపచ్చ మచ్చ చూపించింది. "ఈ మరకను మా వాళ్ళు తీసేయగలరు" అంది.

"అది మరక కాదు. కొత్తబట్టకు పెట్టిన పసుపు" అన్నాను. దాన్ని తీయకూడదని కాగితం మీద రాయించాను.

ఫ్యాక్టరీలో అప్పుడు మనుషుల్ని తీసేస్తున్నారు. మావారి పేరు ఇంకా రాలేదు. గౌను ఇవ్వడం డబ్బు కోసం కాదనీ, పట్టు ఈ ఇంటి హీటర్ గాలికి ఎండిపోతుందనీ అందరికీ చెప్పాను. మావారికి కూడా అదే చెప్పాను.

"అందరికీ చెప్పింది నాకూ చెప్తావేంటి రాణీగారూ" అన్నారాయన, కారు తాళాలు వెతుక్కుంటూ.

మిసెస్ హార్పర్ శనివారం పొద్దున్న తీసుకెళ్తానంది. నేను చెప్పే సంగతి దాని ముందు రాత్రి, శుక్రవారం జరిగింది.

సాయంత్రం నుంచి మంచువాన. చినుకు పడ్డచోటల్లా గాజులా గడ్డకట్టే వాన అది. మావారు ఫ్యాక్టరీ నుంచి ఫోన్ చేశారు. రోడ్డు బాగాలేదు, మెల్లగా వస్తాను, మీరు తినేయండి అన్నారు. తిన్నాం. గిన్నెలు కడుగుతుంటే కరెంటు పోయింది. ఫ్రిజ్ ఆగింది. హీటర్ ఆగింది. ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ వినని నిశ్శబ్దం...

వసు టార్చి పట్టుకుని వంటింట్లోకి వచ్చింది.

"అమ్మా, నేను ఒక్కసారి ట్రై చేస్తా. ప్లీజ్."

"ఏమిటి?"

"గౌన్. రేపు ఆవిడ తీసుకెళ్ళిపోతే మళ్ళీ గ్లాస్‌లోంచి చూడాలి. టికెట్ కొని."

"అది ఆటవస్తువు కాదు."

"ఐ నో. అందుకే కదా అడుగుతున్నా. లేకపోతే నువ్వు నిద్రపోయాక వేసుకునేదాన్ని."

నాకు నవ్వొచ్చింది. కోపమూ వచ్చింది. కానీ అది అడిగిన తీరు... మా ఇంటి వస్తువు కావాలని నా కూతురు నన్ను అడగడం అదే మొదటిసారి. వీరమల్లవరం సంగతులు ఎప్పుడు చెప్పబోయినా "ఓకే మామ్, వి వర్ ప్రిన్సెసెస్" అని వెళ్ళిపోయే పిల్ల.

సరే అన్నాను.

మేడ మీద నా గదిలో, టార్చి వెలుతురులో తొడిగాను. పాత పంచెలో చుట్టి ఉంచిన గౌను విప్పగానే గది నిండా గరగర. "ఓ మై గాడ్, ఎంత లౌడ్‌గా ఉందో" అని నవ్వింది వసు. వెనక కొక్కేలు ఒక్కొక్కటే పెట్టాను. బిగించాల్సిన పనే రాలేదు. కొలత తీసుకుని దానికే కుట్టినట్టు సరిపోయింది.

"చలేస్తోంది. సాక్స్ తీయను" అంది. ఉన్ని మేజోళ్ళు. ఉంచుకోమన్నాను.

కింద నుంచి చూడాలనిపించింది నాకు. ఇలాంటి గౌనును మెట్లు దిగుతుండగా చూడాలి. అలా చూడడానికే కుట్టారు దాన్ని. నేను ముందు దిగి, హాల్లో మెట్ల కింద నిలబడి, టార్చి పైకి చూపించాను. మా మెట్లు తెలుసుగా... అమెరికా ఇళ్ళల్లో ఉండేవే. పొట్టి మెట్లు, నిటారుగా ఒకటే వరస, మెట్టు మెట్టుకూ తివాచీ.

"దిగు" అన్నాను.

వసు దిగింది.

నేను దాని ముఖం చూస్తున్నాను. రంగు చూస్తున్నాను. నీలం, ఆకుపచ్చ, మళ్ళీ నీలం. కళ్ళు చెమర్చాయి. సగం దిగేదాకా నాకు తట్టలేదు...

చప్పుడు లేదు.

అంత బట్ట. అన్ని కుచ్చిళ్ళు. ఒకదాన్నొకటి రాసుకుంటూ, మెట్టు మెట్టుకూ ఊగుతూ దిగుతోంది. ఒక్క గరగర లేదు. మంచు పడ్డట్టు దిగింది నా కూతురు.

కిందికొచ్చి నా పక్కన నిలబడింది. "ఏమైంది? బాగాలేదా?"

"నడువు."

"ఎక్కడికి?"

"కిటికీ దాకా నడువు."

నడిచింది. హాల్లో నేల చెక్కది, తివాచీ లేదు. గౌను అంచు ఆ చెక్కను రాసుకుంటూ వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. చప్పుడు లేదు. కుచ్చిళ్ళను చేత్తో పట్టి నలిపాను. నీళ్ళను పట్టుకున్నట్టుంది. వసుకు కూడా అప్పుడే అర్థమైంది. రెండు చేతులతో గౌనును పక్కకు విదిలించింది. ఏమీ లేదు. నా వంక చూసింది.

అప్పుడు... మేడ మీద.

మొదట చాలా చిన్నగా. గర్... అని. కూర్చున్న మనిషి లేచినప్పుడు పట్టు సర్దుకున్నట్టు.

ఆ తర్వాత కాసేపు ఏమీ లేదు. మళ్ళీ గర... గర... గర... నడక. నా గదిలోంచి బయటికి. తొందర లేదు. అలవాటు లేని బట్టలో జాగ్రత్తగా నడుస్తున్నట్టుంది.

"అమ్మా, పైన ఎవరు?" అంది వసు. గొంతు రాలేదు, పెదవులే కదిలాయి.

నేను దాని మణికట్టు పట్టుకున్నాను. టార్చి మెట్ల మీదకు తిప్పాను. తివాచీ కనిపిస్తోంది. గోడ కనిపిస్తోంది. ఇంకేమీ లేదు. చప్పుడు మాత్రం మెట్లు దిగడం మొదలుపెట్టింది.

అది తివాచీ మీద చప్పుడు కాదు. ఇది నేను ఎవరి ముందైనా చెప్తాను. చెక్క మీద జోడు మడమ. టక్... ఆ వెనకే పట్టు గరగర. టక్... గరగర. వెడల్పు మెట్లు. బరువైన కలప. దిగుతోంది, దిగుతోంది... మా మెట్లు ఎప్పుడో అయిపోవాలి. అయిపోలేదు. ఇంకా పైనుంచే వస్తోంది. ఒకచోట చప్పుడు పక్కకు తిరిగింది. మెట్లు మలుపు తిరిగేచోట మనిషి ఒళ్ళు తిప్పినట్టు. మా మెట్లకు మలుపు లేదు.

మలుపు దగ్గర ఆగిపోయింది.

ఎంతసేపు ఆగిందో చెప్పలేను. ఊపిరికి ఛాతీ లేచి పడుతుంటే టాఫెటా ఎలా చప్పుడు చేస్తుందో... ఆ చప్పుడు మాత్రమే. పొడిగా, చిన్నగా. ఆ మలుపులో నిలబడి ఊపిరి తీసుకుంటోంది.

నేను దేవుణ్ణి తలుచుకోలేదు. నిజం చెప్పాలంటే ఏమీ తలుచుకోలేదు. బిడ్డను వీధిలోకి లాక్కుపోదామని అడుగు వేశాను. వసు కదల్లేదు. మెట్ల వంక చూస్తూ నిలబడింది. అప్పుడు, నాతోనే నువ్వు నువ్వు అని మాట్లాడే పిల్ల, మెల్లగా, చాలా మర్యాదగా అంది:

"ఇట్స్ ఓకే. మీరు రండి."

టక్.

మిగతా మెట్లన్నీ దిగింది. ఈసారి తొందరగా. నేల మీదకు వచ్చింది. గరగరలాడుతూ మా వైపు వచ్చింది. టార్చి వెలుగులో దుమ్ము తప్ప ఏమీ లేదు. నా చీర కుచ్చిళ్ళకు గాలి తగిలింది... నన్ను దాటింది. వసు దగ్గర ఆగింది.

వసు కదలకుండా నిలబడే ఉంది. దాని ఒంటి మీది గౌను, నడుము నుంచి అంచుదాకా, ఒక్కసారి గరగరలాడింది.

అంతే. ఆ తర్వాత వసు ఒక అడుగు వేస్తే చప్పుడు వచ్చింది. ఇంకో అడుగు వేస్తే వచ్చింది. పెట్టెలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే.

మావారు వచ్చేసరికి మేమిద్దరం సోఫాలో ఒకే దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. వసు ఇంకా గౌనులోనే ఉంది. ఆయన బూట్ల మంచు దులుపుకుంటూ, "దర్బారు ఉందని చెప్తే తలపాగా తెచ్చుకునేవాణ్ణి కదా" అన్నారు. జరిగింది చెప్పాను. అంతా విని, హీటర్ ఆగితే గోడల్లోని రేకు గొట్టాలు చల్లబడి టకటకలాడతాయన్నారు. ఆయన ఇంజనీరు. ఆయన చెప్పింది నిజమే కావచ్చు. గొట్టాలు మలుపు తిరుగుతాయా అని అడిగాను. తిరుగుతాయన్నారు.

పొద్దున్న మిసెస్ హార్పర్ పెద్ద అట్టపెట్టె, పలచటి కాగితాలు పట్టుకుని వచ్చింది. గౌను ఇవ్వనని చెప్పాను. ఆవిడ చాలాసేపు మాట్లాడింది. చివరికి మావారి వంక చూసింది. "అది వాళ్ళ నాయనమ్మది. నన్ను అడక్కండి" అన్నారాయన. ఆవిడ వెళ్ళాక రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

ఎందుకివ్వలేదని ఆయన ఇప్పటికీ అడుగుతారు. ఆ చప్పుడు గౌను కోసం వచ్చిందా, దాన్ని తొడుక్కున్న పిల్ల కోసం వచ్చిందా... నాకు తెలియలేదు. గౌను కోసమైతే ఇచ్చేయవచ్చు. పిల్ల కోసమైతే? గౌను వెళ్ళిపోయి పిల్ల మా ఇంట్లోనే ఉంటే, ఈసారి వచ్చే ఆ చప్పుడు ఎక్కడ ఆగుతుంది?

వసును ఒకసారి అడిగాను, రమ్మని ఎందుకన్నావు అని. "ఆవిడ భయపడింది అమ్మా. మన కంటే ఎక్కువ" అంది. ఇప్పుడు అది చదువు కోసం వేరే ఊళ్ళో ఉంటోంది. అక్కడేమైనా వినిపిస్తోందా అని నేను అడగను. అది చెప్పదు.

మా మేనత్త చెప్పిన మాట ఒకటుంది. దాన్ని వసుకు నేనెప్పుడూ చెప్పలేదు, ఆ రాత్రికి ముందు గానీ తర్వాత గానీ. గవర్నరు మా ఇంటికి వచ్చే రోజున, దొరసానుల మధ్య తన భార్యను కూర్చోబెట్టాలని తాతగారు ఆ గౌను కుట్టించారు. నాయనమ్మకు అప్పుడు పదహారేళ్ళు. ఘోషా ఇల్లు, ఆడవాళ్ళు పరాయి మగవాళ్ళ కంటపడరు. ఆ రోజు ఆవిడ గౌను తొడుక్కుని మేడ దిగుతుంటే, కింద నిలబడ్డ ముత్తాతగారు చెయ్యెత్తి ఆగమన్నారు. ఆవిడ మలుపు దగ్గర ఆగింది. వెనక్కి తిరిగి పైకెళ్ళింది. గౌను విప్పేసింది.

ఆ మేడ ఇప్పుడు లేదు. జమీందారీలు రద్దయ్యాక పడగొట్టారు. టేకు మెట్లను మాత్రం మా నాన్నగారు మలుపుతో సహా విడగొట్టించి, రాజమండ్రిలో ఒక కలప వ్యాపారికి అమ్మారు.