కళ్ళకు మట్టి, చేతులకు మట్టి

పోయిన నెల మా చెల్లెలి కూతురు నన్ను రాజమండ్రిలో ఒక బ్యూటీ పార్లర్‌కి లాక్కెళ్ళింది. పెళ్ళి తనది, మొహానికి మట్టి మాత్రం నాకూ వేయించాలట. "నీకు తెలీదు పెద్దమ్మా, ఒక్కసారి వేయించుకో, మెరిసిపోతావు" అంది. ఈ వయసులో మెరిసి ఎవర్ని ఉద్ధరించాలో! దాని ముచ్చట కాదనలేక పడుకున్నాను. చల్లటి మట్టి నుదుటి మీద పడగానే ఒళ్ళు ఝల్లుమంది. కళ్ళు మూసుకుని, వాసన కోసం గట్టిగా ఊపిరి పీల్చాను. గులాబీ అత్తరు. మట్టికి గులాబీ వాసనేమిటి, నా మొహం! నాకు తెలిసిన మట్టిని గోదావరి లంకల్లో నడుం లోతున తవ్వి తెచ్చేవారు. దానికి తడి నేల వాసన తప్ప ఇంకోటి ఉండేది కాదు. ఆ మట్టిని నా చేతులకు పూసిన మనిషి గుర్తొచ్చారు. ఎంత బెంగ పట్టుకుందంటే, పూత ఆరేలోపే లేచి కడిగేసుకున్నాను.

ఆవిడ పేరు సుభద్ర గారు. నిడదవోలు దగ్గర కాలవ గట్టున ఒక ప్రకృతి చికిత్సాలయం ఉండేది. అందులో ఆడవాళ్ళ వైపు అంతా ఆవిడే చూసేవారు. పెంకుల వసారాలు, తొట్టి స్నానాల గదులు, మట్టి నానబెట్టిన బానలు వరసగా. పూర్వం జనం పడవల మీద వచ్చి, సామాను దింపుకుని నెలల తరబడి ఉండిపోయేవారట. గాలి మార్పుకని కొందరు, చప్పిడి తిండి తిని కీళ్ళ నొప్పులు పోగొట్టుకుందామని కొందరు. పెద్ద పెద్ద ప్లీడర్ల భార్యలు కూడా ఒంటినిండా మట్టి పూసుకుని ఎండలో కూర్చునేవారని సుభద్ర గారు చెప్పి నవ్వేవారు. నేను వెళ్ళేసరికి ఆ వైభవం లేదు, సగం గదులకు తాళాలే. ఆవిడ కూడా చిన్నతనంలో ఉబ్బసంతో రోగిగా వచ్చి, నయమై, ఇంక ఇంటికి పోకుండా అక్కడే ఉండిపోయారు. "నన్ను బతికించింది ఈ మట్టేనమ్మా" అనేవారు.

మాది ఆత్రేయపురం. పూతరేకులు తీయడం మా ఇంటి పని. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, పలచటి పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క లాగు లాగితే రేకు లేవాలి. ఆ గుడ్డను పట్టుకునీ పట్టుకోనట్టు పట్టుకోవాలి. ముప్ఫై నిండకుండానే నా వేళ్ళ కణుపులు వాచి, పొద్దున్నే పిడికిలి ముడుచుకోవడం కూడా కష్టమైపోయింది. తీసిన రేకు తీసినట్టే చిరిగిపోయేది. మా అత్తగారు పల్లెత్తు మాట అనలేదు గానీ, పొయ్యి దగ్గర నా పీట మీద తోటికోడలిని కూర్చోబెట్టారు. ఆ పీట పోయాక ఆ ఇంట్లో నాకింకేముంది అనిపించింది. చేతులు బాగుపడాలి, వెళ్ళి మళ్ళీ ఆ పీట మీద కూర్చోవాలి. ఆ ఒక్క కోరికతో చికిత్సాలయానికి వచ్చాను.

మొదటిరోజు సుభద్ర గారు నా వేళ్ళను ఒక్కొక్కటే ఒత్తి చూశారు. "నీ పేరేంటమ్మా?"

"రత్నమండి."

"చూడు రత్నం, ఇక్కడ ఉప్పుండదు, కారముండదు, కాఫీ ఉండదు. ఏడవాలంటే ఇప్పుడే ఏడ్చెయ్యి."

"కాఫీ కూడానా అండి?" అన్నాను. నిజంగానే ఏడుపొచ్చేసింది. ఆవిడ పగలబడి నవ్వారు. నవ్వుతూనే నా చేతులకు మోచేతుల దాకా చల్లటి మట్టి పూశారు.

ఆవిడకో పద్ధతి ఉండేది. మధ్యాహ్నం మట్టి వేసే వేళకి, కళ్ళకు మట్టిపట్టీ వేసినవాళ్ళ పక్కన చేతులకు మట్టి పూసినవాళ్ళను కూర్చోబెట్టేవారు. ఒకరికి చూపు లేదు, ఒకరికి చేతులు లేవు. ఈగ వాలితే చేతులున్నావిడ తోలాలి, ఎక్కడ వాలిందో కళ్ళున్నావిడ చెప్పాలి. ముక్కు దురద పెట్టిందంటే ఇంక చెప్పక్కర్లేదు. "ఇంకాస్త పైకండి, అబ్బే, అది నా చెవండి" అంటూ వసారా అంతా గోల. ఎవరూ తమ జబ్బు మాట ఎత్తకూడదు, కిటికీలోంచి ఏం కనిపిస్తే అది పక్కవాళ్ళకి చెప్పాలి, అదీ నియమం. నాకు మొదట తణుకు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ జత పడ్డారు. పాపం ఉపవాసంలో ఉన్నారు. నేను ఊరుకోవచ్చు కదా! పూతరేకు మడిచేటప్పుడు నెయ్యి ఎలా చిలకరిస్తామో, బెల్లం కోరు ఎలా జల్లుతామో వివరంగా చెప్పాను. ఆవిడ పట్టీ పీకేసి లేచి కూర్చున్నారు. "సుభద్ర గారూ, ఈ పిల్లని నా పక్కనుంచి తీసెయ్యండి. దీనికి నా ఉసురు తగులుద్ది!"

సుభద్ర గారు నవ్వాపుకుంటూ వచ్చి, "ఇక నుంచి నీ జత నేనే" అన్నారు నాతో.

ఆవిడా రోజూ కళ్ళకు మట్టి వేసుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. "కాస్త మసకలే" అన్నారు. నేను కిటికీలోంచి చూసి చెప్పేదాన్ని. "కాలవ నిండుగా ఉందండి, అచ్చం అద్దంలా..." అనబోతే, "అద్దం సంగతి తర్వాత. నీళ్ళు ఏ రంగులో ఉన్నాయి?" అనేవారు. "ఎర్రగా ఉన్నాయండి. వరద నీరు." "ఆఁ, అలా చెప్పు." బాతులు, బట్టలు ఉతికే ఆడవాళ్ళు, సైకిల్‌కి అరటి గెల కట్టుకుని గట్టు మీద పోయే మనిషి, అన్నీ చెప్పాలి. గెల పచ్చిదా పండిందా అని కూడా అడిగేవారు. అప్పటిదాకా నా మాట అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఎవరూ లేరు. చూసింది చూసినట్టు నిదానంగా చెప్పడం నాకు ఆ కిటికీ దగ్గరే అబ్బింది. ఇవాళ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆ మధ్యాహ్నాల చలవే.

ఒకరోజు పట్టీ తీసి లేచిన ఆవిడ, పక్కనే ఉన్న మంచినీళ్ళ బిందెను తన్నుకుని పడబోయారు. అప్పట్నుంచి కనిపెట్టి చూశాను. ఎదురుగా ఉన్నది కనిపిస్తోంది, పక్కనున్నది కనిపించడం లేదు. పక్కకొచ్చి నిలబడ్డ మనిషిని, పలకరించేదాకా ఎరగరు. డాక్టరుకి చూపించుకోండి అంటే, "వేడి చేసింది, మట్టికి తగ్గుద్దిలే" అనేశారు. ఆ వారంలోనే నా వేళ్ళు ఒత్తి చూసి ఆవిడ అన్న మాట నేను ఎదురుచూడనిది.

"నీ వాపు తగ్గట్లేదు రత్నం. మట్టికి నొప్పి చల్లారుతోంది గానీ, జబ్బు ఆగట్లేదు. రాజమండ్రి వెళ్ళి డాక్టరుకి చూపించుకో."

"మరి మీరో?"

"నా సంగతి వేరు. ఇంతమందికి మట్టి వేసినదాన్ని, నేనే ఆసుపత్రి మెట్లెక్కితే వీళ్ళేమనుకుంటారు?"

నాకు ఒళ్ళు మండింది. "నాకో న్యాయం, మీకో న్యాయమా అండి? మీరు బస్సెక్కితేనే నేనెక్కుతాను. లేదంటే ఈ చేతులు ఇలాగే పోనీండి."

"బెదిరిస్తున్నావా?"

"అవునండి."

"సరే, రేపు చూద్దాంలే" అన్నారు. ఆ రేపు రావడానికి వర్షాకాలం కాస్తా గడిచిపోయింది. చివరికి నా చిటికెన వేలు వంకర తిరగడం మొదలుపెడితే, అది చూసి తట్టుకోలేక, నా కోసం బస్సెక్కారు.

రాజమండ్రిలో డాక్టరు నా వేళ్ళకు మాత్రలు రాసిచ్చారు. మానకుండా వాడితే పని చేసుకోవచ్చన్నారు. కళ్ళ ఆసుపత్రిలో కుర్ర డాక్టరు ఆవిడను చాలాసేపు పరీక్ష చేశాడు. "పోయిన చూపు తిరిగి రాదండి. ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడటానికి చూద్దాం. ఇంకాస్త ముందు రావలసింది" అన్నాడు. ఆవిడ తలూపారు. తిరుగు ప్రయాణంలో బస్సు గోదావరి వంతెన ఎక్కింది. కిటికీ పక్కన కూర్చున్నది ఆవిడే.

"నీళ్ళెలా ఉన్నాయి రత్నం?" అని అడిగారు.

"తేరుకున్నాయండి. ఇసక మేటలు బయటపడ్డాయి. ఒక పడవుంది, ఇద్దరున్నారు."

బస్సు కొవ్వూరు చేరింది. అప్పుడు, "మట్టిని తిట్టకు. అది నన్ను ఒకసారి బతికించింది. అన్నిటికీ అదే చాలనుకున్నది నేను" అన్నారు. నా చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు, వేళ్ళు నొప్పి అని మెల్లగా.

నా చేతులు మాత్రలకి దారికొచ్చాయి. పీట మళ్ళీ నాదైంది. ఆవిడ చూపును మాత్రం చుక్కల మందు కొన్నాళ్ళే నిలబెట్టింది. చికిత్సాలయం మూతపడ్డాక మండపేటలో మేనకోడలి దగ్గర ఉండేవారు. చివరిసారి వెళ్ళినప్పుడు నేను తీసిన పూతరేకులు పట్టుకెళ్ళాను. ఒకటి చేతిలో పెడితే, తినకుండా అంచుల వెంట వేళ్ళతో తడిమి చూశారు. "ఎక్కడా చిరగలేదే!" అని చిన్నపిల్లలా సంబరపడ్డారు. నా చేతులు ఆవిడ పెట్టిన భిక్ష. అవి పని చేస్తుంటే ఒక్కసారి ఆవిడ కళ్ళారా చూడాలని ఎంత కోరుకున్నానో! ఆవిడ పోయి చాలా కాలమైంది. ఆ కోరిక మాత్రం పోలేదు.

మా పొయ్యిల దగ్గర ఎవరైనా వేళ్ళు నొప్పంటే ఇప్పుడు నేను ఊరుకోను. "రేపు వెళ్దాంలే అత్తా" అంటారు. రేపూ లేదు గీపూ లేదు, ఆ పూటే బస్సెక్కించేస్తాను. చాదస్తమని వెనకాల నవ్వుకుంటారు, నవ్వుకోనీ. మొన్న పక్కింటి కోడలు పిల్లని అలాగే తీసుకెళ్ళాను. జబ్బు ఇంకా మొదట్లోనే ఉంది, మందులు వాడితే భయం లేదని డాక్టరు చెప్పారు. బయటికొచ్చి బెంచీ మీద కూర్చున్నాను, కళ్ళమ్మట నీళ్ళు ఆగలేదు. ఆ పిల్ల కంగారు పడిపోయింది.

"నాకేం పర్లేదన్నారు కదా అత్తా, మీరెందుకేడుస్తున్నారు?"

"వేళకొచ్చావే తల్లీ, అందుకు" అన్నాను.