నెల్లూరులో ఉన్నానన్న నాన్న

తిరువళ్ళూరు బైపాస్ పక్కన ఆగిన లారీ కిటికీలోంచి నిద్రపోతున్న డ్రైవరు పాదాలు కనిపిస్తే, ఇప్పటికీ నేను చప్పుడు చేయకుండా దాటిపోతాను.

మాది తిరుత్తణి దగ్గర నేతవాళ్ల ఊరు. తాత మగ్గం నేసేవాడు, నాన్న లారీ తోలేవాడు. నేను మూడో తరగతిలో ఉండగా, బడి పండగలో నేను పాట పాడాల్సిన రోజు పొద్దున్నే నాన్నను ఫోన్లో అడిగాను.

“నాయనా, యాడుండావు?”

“నెల్లూరు కాడ ఉండా పాపా. రాలేను.”

సాయంత్రం అమ్మతో ఇంటికొస్తుంటే పెట్రోలు బంకు వెనక మా లారీ కనిపించింది. అమ్మ పూలు బేరమాడుతుండగా పరుగెత్తి మెట్టెక్కి చూశాను. నాన్న నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. లోపలంతా డీజిలు, చెమట వాసన. లేపలేదు. లేపితే ఇంకో అబద్ధం చెబుతాడేమోనని భయమేసింది.

“అమ్మా, నాయన ఈడే నిద్రపోతా ఉండాడు! నెల్లూరని అబద్ధం చెప్పినాడు!”

అమ్మ లారీ వైపు తిరిగి కూడా చూడలేదు.

“తెలుసులే పాపా. నేనే అట్ల చెప్పమన్నాను. రెండు రాత్రులుగా కన్ను మూయలేదంట. ఇంటికొస్తే మగ్గం సద్దులో, నీ మాటల్లో యాడ నిద్రపోతాడు? మళ్లీ రాత్రికి బండెక్కల్ల గదా.”

ఆ పూట నేను అన్నం తినలేదు.

నిద్ర చాలని మనిషి బండి తోలితే ఏమవుతుందో ఇప్పుడు నాకు తెలుసు. అమ్మది తప్పని అనలేను. కానీ ఇద్దరూ కలిసి నన్ను నమ్మలేదు. ఒక్క మాట నాతో చెప్పి ఉంటే, ఆ లారీ పక్కన చప్పుడు చేయకుండా కూర్చునేదాన్ని.