రంగు వెలిసిన కారం

రాజమండ్రిలో మా ఇంటి ముందు గదిలో నేను పొడులు అమ్ముతాను. నా నోటికి జడిసి సగం వీధి నా గుమ్మం ఎక్కదు. మిగతా సగం కారం కోసం నన్ను భరిస్తుంది. ఆ కారం నేను కొట్టింది కాదు. పదకొండేళ్లు ఒకే మనిషి కొట్టింది. ఆమెకు భర్త లేడు. ఆదివారాలు చర్చి, మిగతా రోజులు నా రోలు. కాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, కొట్టి, జల్లించి, రేకు డబ్బాల్లో గట్టిగా అదిమి మూతలు పెట్టేది. అడిగినవాళ్లకు అందులోంచి తూచి ఇచ్చేదాన్ని.

నిరుడు నాకు షోకు పుట్టింది. లోపలిది కనపడే పల్చటి ప్లాస్టిక్ కవర్లలో కారం నింపి, మూతులు కొవ్వొత్తి మీద అంటించి, అరుగు మీద తీగకు వరసగా వేలాడదీశాను. ఎర్రటి రంగు చూసి జనం ఆగుతారని ఆశ. కారానికి ఎండ పడదని, ఆ కవరు చెమ్మను ఆపదని ఆమె ఒకసారి చెప్పింది. కొట్టడం నీ పని, అమ్మడం నా పని అన్నాను.

నెల తిరిగేసరికి ఎరుపు వెలిసి ఇటుక రంగుకు దిగింది. వానలు మొదలయ్యాక ఉండలు కట్టింది. ఒక టీచరుగారు ప్యాకెట్టు వెనక్కి తెచ్చి, వాసనే లేదు, ఇందులో ఏం కలిపారండీ అని నలుగురిలో అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. లోపల జల్లెడ పడుతున్న ఆ మనిషిని బయటికి పిలిచి, రంపపు పొట్టు కలిపి మంచి కారం ఇంటికి మోస్తున్నావా అని అందరి ముందూ అడిగాను.

ఆమె కారం చేతులతోనే కళ్లు తుడుచుకుంది. కళ్లు మరీ ఎర్రబడ్డాయి. నాటకాలు ఆడకు అన్నాను.

"చిటికెడు కూడా పట్టుకెళ్లలేదండి. ఎండలో వేలాడదీసింది మీరే కదండీ."

ఆ రెండో మాటకే పనిలోంచి తీసేశాను.

దసరాకు అటక దులుపుతుంటే ఒక రేకు డబ్బా దొరికింది. కవర్లలో నింపగా మిగిలిన కారమే అది. మూత మీద ఆమె సుద్దముక్కతో రాసిన నెల పేరు అలాగే ఉంది. తియ్యగానే తుమ్ము వచ్చింది. నిన్న కొట్టినట్టు ఎర్రగా ఉంది. తప్పు నాదని తెలిసిపోయింది. తెలిసినందుకు ఆమె మీదే ఒళ్లు మండింది. కొత్త మనిషి కొట్టిందని చెప్పి ఆ కారం అమ్మేశాను. తీగ మాత్రం విప్పేశాను.

దొంగ అన్న మాట పడ్డాక ఆమెను ఎవరూ పనికి పిలవలేదు. వేసవిలో ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ నా గుమ్మం బయట నిలబడింది. ఆవకాయ కారం కొట్టడానికి ఒకరింట్లో అడిగారట, ముందు నాకు ఫోను చేసి కనుక్కుంటామన్నారట.

"నేనేం కలపలేదని ఒక్క మాట చెప్పండమ్మగారూ. మళ్లీ మీ గుమ్మం తొక్కనండి."

చూద్దాంలే అన్నాను.

సాయంత్రం ఆ ఇల్లాలు ఫోను చేసి, ఆ మనిషి మంచిదేనా అక్కా అని అడిగింది. మంచిదే అంటే, ఆ రోజు నలుగురిలో నేను అన్న మాట ఏమవుతుంది?

"బాగానే కొడుతుంది. కారం మాత్రం నువ్వు దగ్గరుండి చూసుకో," అన్నాను.

అయితే ఎందుకొచ్చిన గొడవ, కాయలు కారం మరకే పంపిస్తానంది. అదే మంచిదన్నాను.

ఫోను పెట్టేశాక సిగ్గేసింది. ఆ ఇల్లాలి నంబరు ఇప్పటికీ నా ఫోనులో ఉంది. తిరిగి చెయ్యలేదు.