నాకంటే ముందు ఆ దారిలో నడిచినావిడ

ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. భయంతో కాదు, విసుగుతో. అమెరికాలో పిస్కాటవే అనే ఊళ్ళో ఒక మందుల కంపెనీలో స్టాటిస్టీషియన్‌గా పనిచేస్తున్నాను. రోగికి మందు వల్ల నయమైందా, లేక ఊరికే అలా జరిగిపోయిందా అని తేల్చడమే నా ఉద్యోగం. పదహారేళ్ళుగా అదే పని. కాకతాళీయంగా జరిగేవి మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువని నాకు బాగా తెలుసు. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళని, ఒక కొలీగ్‌ని దాటి బయటికి రాకపోవడానికి కారణం అదే. ఇంకెవరైనా చెబితే నేనే నమ్మను.

మూడేళ్ళ క్రితం జూన్ చివర్లో ఆఫీసు పని మీద రెండు వారాలు ఓస్లో వెళ్ళాను. నార్వే రాజధాని అన్న ముక్క తప్ప ఆ ఊరి గురించి నాకేమీ తెలియదు. మొదటి వారం నేనొక్కదాన్నే. స్కూల్‌కి సెలవులిచ్చాక మా ఆయన కిరణ్, పదిహేనేళ్ళ మా అమ్మాయి సహస్ర వచ్చి రెండో వారం నాతో ఉండాలని ప్లాన్.

ఆఫీసు నాలుగింటికల్లా అయిపోయేది. రాత్రి పదిన్నరకి కూడా వెలుతురు పోదు. గదిలో కూర్చుని ఏం చేయాలో తోచక, సాయంత్రాలు ఫోన్‌లో మ్యాప్ కూడా తీయకుండా నడిచేదాన్ని. నేనున్న అపార్ట్‌మెంట్ దగ్గర్నుంచే ఒక ఏరు పారుతుంది. ఊరి మధ్యలోంచి కిందికి దిగుతూ పోయి సముద్రంలో కలుస్తుంది. గట్టు పొడవునా కాలిబాట, పాత ఇటుక మిల్లులు, చిన్న వంతెనలు, అక్కడక్కడా జలపాతాలు. ఎండ కాస్తే చాలు, ఊరంతా వచ్చి ఆ గడ్డి మీద పడుకున్నట్టుండేది.

మంగళవారం సాయంత్రం మొదటిసారి ఆ బాట పట్టాను. మధ్యలో ఒక బేకరీ కనిపిస్తే కాఫీ కోసం ఆగాను. కౌంటర్ వెనక యాభై ఏళ్ళ ఆవిడ నన్ను చూడగానే చేస్తున్న పని ఆపేసింది. నా చేతి మీద చెయ్యి వేసి ఇంగ్లిష్‌లో అడిగింది.

"మీ అమ్మాయి దొరికిందా?"

నేను కాదండీ, ఎవరినో చూసి పొరబడ్డారు అన్నాను. ఆవిడ నా మొహం వైపు చాలాసేపు చూసింది. మధ్యాహ్నం రెండింటికి మీరే వచ్చారు, ఫోన్‌లో అమ్మాయి ఫొటో చూపించారు, ఇటువైపు వచ్చిందా అని అడిగారు అంది. అప్పుడు ఆకుపచ్చ డ్రెస్‌లో ఉన్నారు, దాని మీద చిన్న చిన్న అద్దాలున్నాయి అని కూడా చెప్పింది. రెండింటికి నేను మీటింగ్‌లో ఉన్నాను. నాతోపాటు తొమ్మిది మంది ఉన్నారు.

ఓస్లోలో పాకిస్తానీ కుటుంబాలు, శ్రీలంక తమిళులు చాలామందే ఉన్నారు. అక్కడివాళ్ళ కళ్ళకి మనమంతా ఒకేలా కనిపిస్తామనుకున్నాను. నవ్వు కూడా వచ్చింది. కానీ ఎవరి బిడ్డో తప్పిపోయిందన్న దిగులుతో, ఆ పిల్ల ఎలా ఉందని అడిగాను.

"సన్నగా ఉంది. పళ్ళకి బ్రేసెస్. జుట్టు ఇక్కడిదాకా," అంటూ ఆవిడ చెవి కింద చెయ్యి పెట్టి చూపించింది.

సహస్రకీ బ్రేసెస్ ఉన్నాయి. ఆ వయసులో ఎంతమందికి ఉండవు? పైగా సహస్ర జడ నడుము దాటి ఉంటుంది. అయినా గదికి వెళ్ళగానే ఇంటికి ఫోన్ చేశాను. సహస్ర విసుక్కుంటూ మాట్లాడింది. బాగానే ఉంది.

మర్నాడు ఆఫీసులో ఇంగ్రిడ్ అనే కొలీగ్‌ని అడిగాను. తను అక్కడి వార్తలన్నీ వెతికి, ఎవరూ తప్పిపోయినట్టు ఎక్కడా లేదని చెప్పింది. దొరికేసి ఉంటుందిలే అనుకుని ఆ సంగతి వదిలేశాను. నిజంగానే వదిలేశాను. మిగతా రోజులు వేరే వీధుల్లో తిరిగాను.

శనివారం ఎయిర్‌పోర్ట్‌లో కిరణ్ పక్కన నడిచొస్తున్న పిల్లని నేను వెంటనే గుర్తుపట్టలేదు. జుట్టు చెవుల కిందికి కత్తిరించేసుకుంది. "సర్‌ప్రైజ్!" అని నవ్వింది. ముందురోజే ఫ్రెండ్‌తో సెలూన్‌కి వెళ్ళి చేయించుకుందట. వాళ్ళ నాన్న ముఖం చూస్తే ఆయనకీ అది సర్‌ప్రైజేనని అర్థమైంది. నేను దాన్ని దగ్గరికి తీసుకుని, చెవి కింద ఆ కత్తిరించిన అంచుని తడుముతూ ఉండిపోయాను. జుట్టు పోయినందుకు బాధపడుతున్నానని అనుకున్నారు ఇద్దరూ.

గదికి వచ్చాక సహస్ర సూట్‌కేస్ తెరిచి నాకొక కవర్ ఇచ్చింది. వచ్చే వారం నా పుట్టినరోజు. మాకు దగ్గర్లోనే ఐసెలిన్‌లో, మన బట్టల కొట్లుండే ఓక్ ట్రీ రోడ్ మీద వాళ్ళ నాన్నతో వెళ్ళి కొన్నదట. ఆకుపచ్చ కుర్తా. అంచు నిండా అద్దాల పని.

ఆ రోజు కిరణ్‌కి అంతా చెప్పాను. ఆయనది కరీంనగర్. దేన్నయినా తేలిగ్గా తీసుకునే మనిషి.

"నువ్వు ఊకో సుధా. జెట్‌లాగ్ మాకుండాలె గానీ నీకెందుకు? అద్దాల కుర్తాలు ప్రపంచంలో ఇదొక్కటే ఉంటదా?"

"జుట్టో మరి?"

ఆయన లేచి సహస్ర నిద్రపోయిందో లేదో చూసొచ్చాడు. "పిల్లకి మాత్రం చెప్పకు, భయపడ్తది," అన్నాడు.

ఆ కుర్తాని నేను తొడుక్కోలేదు. మడత విప్పకుండా సూట్‌కేస్ అడుగున పెట్టేశాను. ఆఫీసుకి ఒకరోజు సెలవు పెట్టి, ఆది, సోమవారాలు సహస్రని ఆ ఏటి వైపు వెళ్ళనివ్వలేదు. మ్యూజియంకి తీసుకెళ్ళాం, కోట చూపించాం. ఐదు నిమిషాలు కనిపించకపోతే పేరు పెట్టి పిలిచేదాన్ని. దానికి ఒళ్ళుమండిపోయింది.

"అమ్మా, అయామ్ ఫిఫ్టీన్! ఇక్కడ చిన్న పిల్లలు కూడా ఒక్కళ్ళే ట్రామ్ ఎక్కుతున్నారు. నువ్వు నన్ను బాత్రూమ్‌కి కూడా ఒక్కదాన్నే పంపవ్. వై?"

ఎందుకో నేను చెప్పలేకపోయాను. చెప్పి ఉంటే బాగుండేదేమో. ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను.

మంగళవారం నేను ఆఫీసుకి వెళ్ళక తప్పలేదు. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి కిరణ్ ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఎప్పటిలా లేదు. తిన్నాక కాస్త కునుకు పట్టిందట. లేచేసరికి సహస్ర లేదు. ఫోన్ ఛార్జింగ్‌కి పెట్టి ఉంది. బల్ల మీద చీటీ: నడవడానికి వెళ్తున్నా, వెంట రావద్దు.

ట్యాక్సీలో ఇల్లు చేరాను. కిరణ్ ట్రామ్ స్టాప్ వైపు వెళ్ళాడు. నేను ఏటి వైపు పరిగెత్తాను. ఒంటి మీద ఆఫీసుకి వేసుకెళ్ళిన తెల్ల చొక్కానే ఉంది. దారిలో ఎవరూ చూడలేదన్నారు. బేకరీలోకి వెళ్ళి ఫోన్‌లో సహస్ర ఫొటో చూపించాను. ఎయిర్‌పోర్ట్‌లో తీసిన ఫొటో. కొత్త జుట్టుతో నాకున్న ఫొటో అదొక్కటే.

ఆవిడ ఫొటో చూసింది, నన్ను చూసింది. ఆవిడ మొహం పాలిపోయింది. "ఇదే ఫొటో," అంది. "పోయిన వారం మీరు చూపించింది ఇదే."

గోడ మీద గడియారంలో రెండు కావస్తోంది.

బయటికి వచ్చి పరిగెత్తాను. కొంచెం ముందు ఒక వంతెన ఉంది. దాని మొదట్లో బెంచీ మీద ఒక ముసలాయన, కాళ్ళ దగ్గర నల్ల కుక్క. అంతకు ముందెప్పుడూ నేనాయన్ని చూడలేదు. కానీ నేను దగ్గరికి రాగానే ఆయన లేచి నిలబడి టోపీ తీశాడు. చావు జరిగిన ఇంటివాళ్ళని చూసినప్పుడు లేస్తామే, అలా లేచాడు.

"నా కూతురు..." అన్నాను. ఫోన్ చూపించబోయాను.

ఆయన ఫోన్ వైపు చూడలేదు. "పోయిన మంగళవారం కూడా అడిగారు," అన్నాడు.

ఆ మాటకి నాలో ఏదో తెగింది. ఇక తర్కించే ఓపిక లేదు. ఆయన చొక్కా చెయ్యి పట్టుకుని అడిగాను. "ఆ రోజు నేను ఎటు వెళ్ళాను? చెప్పండి. ఎటు వెళ్ళాను?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూడలేదు. మెల్లగా, మాట మాట వెతుక్కుంటూ ఇంగ్లిష్‌లో చెప్పాడు. ముందు పైకి, పార్క్ వైపు వెళ్ళారు. చాలాసేపటికి తిరిగొచ్చి కిందికి, పాత మిల్లు దగ్గర జలపాతం వైపు దిగారు. మళ్ళీ పైకి వచ్చినప్పుడు మీ చేతిలో ఒక షూ ఉంది. ఆడపిల్లది. ఏమైందని అడిగే ధైర్యం నాకు లేకపోయింది అన్నాడు.

చేత్తో మెట్ల వైపు చూపిస్తూ, "ఈసారి ముందు కిందికి వెళ్ళండి," అన్నాడు.

కిందికి దిగే మెట్లు ఎన్నో, ఎలా దిగానో నాకు గుర్తు లేదు. జలపాతం కింద నీళ్ళు మడుగులా నిలిచే చోటు ఉంది. మామూలుగా అక్కడ పిల్లలు ఈత కొడతారట. ముందు రెండు రోజులు పైన కొండల్లో వానలు పడి నీళ్ళు ఉరవడిగా ఉన్నాయి, అందుకని ఆ రోజు ఎవరూ లేరు. ఆ హోరులో పక్కనున్న మనిషి అరిచినా వినబడదు.

సహస్ర నీళ్ళలో ఉంది. మొహం, రెండు చేతులు మాత్రమే పైకి కనిపిస్తున్నాయి. పాత మిల్లు గోడ నుంచి పొడుచుకొచ్చిన ఒక ఇనుప కడ్డీని పట్టుకుని వేలాడుతోంది. రాయి మీద నిలబడి కాళ్ళు తడుపుకుంటుంటే జారిందట. ఒక కాలు కింద రాళ్ళ మధ్య ఇరుక్కుంది. నన్ను చూసి కూడా అది అరవలేదు. అరిచే ఓపిక అప్పటికే అయిపోయింది.

నాకు ఈత రాదు. గట్టు మీద బోర్లా పడుకుని దాని రెండు మణికట్లూ పట్టుకున్నాను. మంచులా ఉన్నాయి. పట్టుకున్న క్షణంలోనే దాని వేళ్ళు కడ్డీ మీంచి ఊడిపోయాయి. బరువంతా నా చేతుల్లోకి వచ్చింది. ఆ క్షణం గురించి నేను ఇంతకంటే రాయలేను. ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే అని అందరూ అంటుంటారు కదా. అక్కడ ఒక నిమిషం కూడా లేదు.

తెలుగులోనే అరుస్తున్నాను. ఎంతసేపో తెలియదు. ముసలాయన కుక్కతో మెట్లు దిగి వచ్చాడు. ఆయన వెనకే, సైకిళ్ళ మీద పోతుంటే ఆయన ఆపి తీసుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు. వాళ్ళలో ఒకతను నీళ్ళలోకి దిగి రాళ్ళ మధ్య నుంచి కాలు విడిపించాడు.

చీలమండ విరిగింది. రెండు రోజులు హాస్పిటల్‌లో ఉంచారు. మొదటి రాత్రి మందు మత్తులో, "అమ్మా, చేతులు పట్టట్లేదు, వదిలేద్దాం అనుకున్నా," అంది. కిరణ్ గది బయటికి వెళ్ళిపోయాడు. పద్ధెనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం నేను విన్నది అప్పుడే.

ఇంగ్రిడ్ హాస్పిటల్‌కి వచ్చినప్పుడు జరిగింది చెప్పాను. వాళ్ళ అమ్మమ్మ వాళ్ళ కాలంలో ఇలాంటిదానికి ఒక మాట ఉండేదట. మనిషి ఇంటికి చేరేముందే అతని అడుగుల చప్పుడు, తలుపు తీసిన చప్పుడు వినిపించేవట. అయితే అవి ఇంటికి క్షేమంగా వచ్చేవాళ్ళ గురించి అని తనే మళ్ళీ అంది. షూ పట్టుకుని వెళ్ళినవాళ్ళ గురించి ఎవరూ చెప్పగా వినలేదంది.

ఈ మూడేళ్ళలో నాకు తోచిన లెక్కలన్నీ వేశాను. జుట్టు కాకతాళీయం అనుకున్నాను. కుర్తా కూడా. బేకరీ ఆవిడ కంగారులో ఫొటో పొరబడిందనుకున్నాను. ముసలాయన వయసు మీద పడి రెండు రోజుల్ని కలిపేసుకున్నాడనుకున్నాను. ఒక్కోదాన్నీ కొట్టేయగలను. అన్నీ కలిపి కొట్టేయడం నా వల్ల కాలేదు. ఆయన ముందు కిందికి వెళ్ళమనకపోతే నేను పార్క్ వైపే వెళ్ళేదాన్ని. అది మాత్రం నాకు ఖచ్చితంగా తెలుసు. ఆ పార్క్‌లోని గులాబీ తోట చూడాలని సహస్ర వచ్చిన రోజు నుంచీ అడుగుతోంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. దీన్ని దేవుడు చేసిన మేలని మా అత్తగారు అంటారు. నాకు అలా అనిపించదు. సహస్ర పక్క గదిలో ఫోన్‌లో నవ్వుతున్నప్పుడు నా ప్రాణం లేచొస్తుంది. మరుక్షణం, ముందు పైకి వెళ్ళినావిడ గుర్తొస్తుంది. ఆవిడ వేసుకున్నది నా కుర్తా. చూపించింది నా కూతురి ఫొటో. చివరికి ఆవిడ చేతిలో మిగిలింది ఒక షూ.

ఓస్లో నుంచి బయల్దేరే రోజు ఉదయం ఆ ముసలాయనకి కృతజ్ఞత చెప్పుకోవడానికి ముగ్గురం వంతెన దగ్గరికి వెళ్ళాం. సహస్ర చక్రాల కుర్చీలో ఉంది. ఆయన దాని చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు వదల్లేదు. కుక్క దాని ఒళ్ళో తల పెట్టింది. కిరణ్, సహస్ర కొంచెం ముందుకి వెళ్ళాక ఆయన నన్ను ఆపాడు. బాట వైపు చూస్తూ, గొంతు తగ్గించి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు.

"మరి ఆవిడ ఎక్కడికి వెళ్ళింది?"

నాకు తెలియదన్నాను. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను.